ఒక్కసారే అడుగుతారు

కుక్కర్ గాస్కెట్ కోసం నేను నవంబరు నుంచి ఎదురుచూస్తున్నాను. 'యూకే అంతటా ఫ్రీ డెలివరీ' అని వెబ్‌సైట్ మీద ఇంత లావు అక్షరాలు. పోస్ట్‌కోడ్ కొట్టగానే అదే వెబ్‌సైట్, కింద చీమల్లాంటి అక్షరాల్లో, 'క్షమించాలి, మీ అడ్రసుకి పంపలేము' అంటుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. మీరు యూకే మెయిన్‌ల్యాండ్‌లో లేరండీ అంది అక్కడి అమ్మాయి. మరి ఎక్కడున్నానమ్మా అని అడిగాను. ఒక్క నిమిషం హోల్డ్‌లో ఉండండి అంది. ఆ నిమిషం అయ్యేలోపు గాలికి సిగ్నల్ పోయింది. నేనెక్కడున్నానో కంపెనీ తరఫు నుంచి ఇప్పటికీ సమాధానం లేదు.

నాకు తెలిసినంతవరకు నేను స్కాట్లాండ్‌కి పైన, మ్యాపులో జాగా చాలక విడిగా ఒక పెట్టె గీసి మూలకి అతికించే దీవుల్లో ఒకదాంట్లో ఉన్నాను. పేరు చెప్పను. చెబితే గూగుల్‌లో చూసి జాలిపడతారు. జాలి నాకు మిల్టన్ కీన్స్‌లో ఉన్న వదిన నుంచి కావలసినంత వస్తోంది. దానికి మాత్రం డెలివరీ ఫ్రీ.

ఇక్కడి ప్రైమరీ స్కూలుకి నేనే టీచర్ని, నేనే హెడ్‌టీచర్ని. మంచు పడితే గేటు దగ్గర ఉప్పు చల్లేదీ నేనే. పిల్లలు నలుగురు. అందులో ఒకతి నా కూతురు హెప్సి, తొమ్మిదేళ్ళది. మా ఆయన జ్ఞానరాజు స్టీవెనేజ్‌లో ఉన్న ఒక కంపెనీకి ఇంట్లోంచే పని చేస్తాడు. ఇంకొకళ్ళు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. ఆయన తప్పులు పట్టడం నా ఉద్యోగం. రెండోదానికి జీతం లేదు.

గాస్కెట్ లేక మా ఇంట్లో పప్పు ఉడకడం లేదని పక్కింటి డంకన్‌కి ఎలాగో తెలిసిపోయింది. డంకన్ ఫెర్రీ మీద పనిచేస్తాడు. ఈ దీవిలో మన పప్పు సంగతి మనకంటే ముందు ఫెర్రీకి తెలుస్తుంది. ఒక సాయంత్రం వచ్చి తలుపు తట్టాడు.

"నా దగ్గర మంచి రబ్బరు షీటు ఉంది. మీ కుక్కర్ మూత ఇస్తే కొలిచి కోసిస్తాను. కావాలా?"

మా ఆయన రెండు చేతులూ గాల్లో ఊపాడు. "నో నో నో! ప్లీజ్! మీకెందుకండీ శ్రమ!"

"సరే" అని డంకన్ వెళ్ళిపోయాడు.

మా ఆయన కుక్కర్ మూత చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. డంకన్ గేటు దాటాడు. టోపీ సర్దుకున్నాడు. వాళ్ళింట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

"ఏంటే రత్నం, నిజంగానే పోయాడు?"

"వద్దన్నారు కదండీ."

"వద్దంటే? ఎవరైనా వద్దనే అంటారు. మనిషన్నాక ఇంకోసారి అడగడా?"

ఆ పూట మేము పప్పు తినలేదు, నమిలాం.

ఇక్కడ శీతాకాలంలో సూర్యుడు తొమ్మిది దాటాక వస్తాడు, మూడింటికి వెళ్ళిపోతాడు. మధ్యలో కూడా సీట్లో ఉండడు. పిల్లలు నుదుటికి టార్చిలైట్లు కట్టుకుని, గని కార్మికుల్లా బడికి వస్తారు. మొదటి అరగంట చదువు ఉండదు. బూట్లు విప్పడం, సాక్సులు పిండటం, గ్లవ్స్ రేడియేటర్ మీద ఆరేయడం. తర్వాత ఒకే గదిలో డంకన్ కూతురు కర్స్టీకి భిన్నాలు, హెప్సికి ఎక్కాలు, గొర్రెల ఫారం వాళ్ళ అయిదేళ్ళ కవలలకి ముక్కు తుడుచుకోవడం నేర్పుతాను. మూడింటిలో ముక్కు కష్టం. మధ్యాహ్నం డంకన్ భార్య మోరాగ్ సూప్ చేస్తుంది. గాలి మరీ పెరిగితే కవలల్ని బయటికి వదలను. నలుగురికి ఒక్కరు తగ్గినా బడి మూసేస్తామని కౌన్సిల్ వాళ్ళు చెప్పేశారు. కాబట్టి పిల్లల్ని గాలికి పోగొట్టుకోవడం మాకు కుదరదు.

మూసేస్తే మిగిలినవాళ్ళు ఫెర్రీ ఎక్కి పక్కనున్న పెద్ద దీవికి చదువుకోవడానికి పోవాలి. చలికాలంలో ఫెర్రీ దానికి మనసైనప్పుడు నడుస్తుంది. అయిదేళ్ళ పిల్లల్ని అలలమీద బడికి పంపే తల్లి ఎవరూ ఉండరు. ముందు గొర్రెల వాళ్ళు ఇల్లమ్ముకుంటారు, తర్వాత డంకన్ వాళ్ళు. బడి పోతే ఊరు పోతుందని ఇక్కడ అందరికీ తెలుసు, అందుకే ఎవరూ ఆ మాట ఎత్తరు.

హెప్సి సంగతి చెప్పాలి. మేము ఇక్కడికి రాకముందు స్టీవెనేజ్‌లో, ముప్ఫై మంది క్లాసులో వరుసగా మూడేళ్ళు రిపోర్టులో 'చాలా నెమ్మదైన అమ్మాయి' అని రాశారు. టీచర్ని కాబట్టి నాకు తెలుసు, పిల్ల ఎవరో గుర్తు రానప్పుడు రాసే మాట అది. ఇక్కడికొచ్చాక దాని నోరు మూయించడానికి నేను హెడ్‌టీచర్ హోదా వాడాల్సి వస్తోంది. యాస కూడా మారిపోయింది. మొన్న మా షెడ్డు పైకప్పు లేచి సముద్రం వైపు వెళ్ళిపోతుంటే, "ఇట్స్ ఎ వీ బిట్ విండీ, డాడీ" అంది. కాస్తంత గాలేనట.

మా ఆయన అక్క పుష్పలీల వదిన మిల్టన్ కీన్స్‌లో ఉంటుంది. డిటాచ్డ్ ఇల్లు, అంటే పక్కింటితో గోడ కలవనిది. ఆ సంగతి నేను చెప్పక్కర్లేదు, ఆవిడే చెబుతుంది. "మా డిటాచ్డ్‌లో వైఫై స్లోగా ఉందే" అంటుంది. కొడుకు కెవిన్‌కి వారానికి మూడు ట్యూషన్లు, ఒక స్విమ్మింగు, ఒక కీబోర్డు. పరీక్ష పెట్టి చేర్చుకునే బకింగ్‌హామ్‌షైర్ గ్రామర్ స్కూల్లో సీటు కోసం ఆ కుర్రాడు రెండేళ్ళుగా పరీక్ష రాయకుండానే పరీక్ష రాస్తున్నాడు. డిసెంబరులో ఒకరోజు ఫోన్ చేసింది.

"రత్నా, హెప్సికి క్లాసులో ఎన్నో ర్యాంకు?"

"ఇక్కడ ర్యాంకులుండవు వదినా."

"లేకపోయినా టీచరువి, నీకు తెలీదా?"

"రెండనుకోండి. పెద్దమ్మాయి కర్స్టీ ఫస్టు."

"మిగతా ఇద్దరూ?"

"వాళ్ళు అయిదేళ్ళ పిల్లలు వదినా."

అటువైపు కాసేపు లెక్క నడిచింది. "అంటే, ఒకరకంగా లాస్టన్నమాట."

నేను వంటింటి వైపు చూశాను. వంటింట్లో నమలాల్సిన పప్పు ఉంది.

"పిల్ల జీవితం పాడు చెయ్యకండే. జనవరిలో మా దగ్గరికి పంపించెయ్యండి. బాక్స్ రూమ్ ఖాళీ చేయిస్తున్నా. కెవిన్‌తోపాటు ట్యూషన్‌కి పోతుంది. ఒరేయ్ జ్ఞానం, వింటున్నావా?"

జ్ఞానం వింటున్నాడు. "చూద్దాంలే అక్కా" అన్నాడు. మా ఆయన భాషలో అది అవునూ కాదు, కాదూ కాదు. ఫోన్ పెట్టేశాక హెప్సి తల తిప్పకుండా "ఐ'మ్ నో గోయింగ్" అంది, నేను పోనని, ఇక్కడి యాసలో. అందరికంటే చిన్నది అదే, జవాబు చెప్పిందీ అదొక్కతే.

క్రిస్మస్‌కి ఊరి హాల్లో విందు పెట్టారు. మోరాగ్ గొర్రె మాంసం స్టూ గిన్నె పట్టుకుని మా ఆయన దగ్గరికొచ్చింది. "వెయ్యనా?" ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఆమె ముందుకెళ్ళిపోయింది. బంగాళాదుంపలు అలాగే పోయాయి. పుడింగు కూడా పోయింది. నేను మాత్రం అన్నీ రెండేసిసార్లు తిన్నాను. పక్కన ఖాళీ ప్లేటు పెట్టుకుని చిరునవ్వు నవ్వుతున్న భర్త ఉంటే ఆకలి ఇంకా బాగా వేస్తుందని ఆరోజే తెలిసింది.

బాపట్లలో మా చర్చి విందుల్లో ఇలా ఉండదు. వడ్డించేవాడు "వెయ్యనా అన్నా" అంటే మనం విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం. వాడు వేళ్ళ సందుల్లోంచి వేస్తాడు. అసలు వేళ్ళ మధ్య సందులు ఉంచేదే అందుకు.

గిన్నెలు కడుగుతూ మోరాగ్‌ని అడిగాను, మీరు రెండోసారి ఎందుకు అడగరని. ఆమె నన్ను వింతగా చూసింది.

"వద్దన్న మనిషిని మళ్ళీ అడిగితే, నువ్వు చెప్పింది అబద్ధం అని మొహం మీద అన్నట్టు కదా? అలా ఎలా అంటాం?"

ఇంటికెళ్ళి మా ఆయనకి విడమరిచి చెప్పాను.

"ఒక్కసారే అడిగితే పెట్టడం ఇష్టం లేనట్టు కాదూ?" అన్నాడు, బ్రెడ్డు ముక్క నములుతూ.

"వాళ్ళ లెక్క అది కాదు. కావాలంటే కావాలనాలి. మొదటిసారే."

"సిగ్గు లేకుండానా?"

"ఆకలి లేకుండా."

తెలుసుకున్నాడు. తల ఊపాడు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆయనకి తెలియక జరిగిందని రేపు ఎవరూ నాతో అనకూడదు.

జనవరంతా తుఫానే. వారం పైన ఫెర్రీ రాలేదు. పాలపొడి టీ, డబ్బాల్లో బీన్స్. వదిన వీడియో కాల్ చేసి బాక్స్ రూమ్‌కి వేసిన గులాబీ రంగు కర్టెన్లు చూపించింది. మా ఆయన వాటిని చాలాసేపు చూశాడు. నేను ఆయన్ని చూశాను. అది ఊగే మనిషి మొహం.

ఊగడం ఆగింది ఎక్కడంటే బడి గేటు దగ్గర. ఒక మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి పెరిగింది. ఇలాంటప్పుడు గేటు నుంచి రోడ్డు వరకు కట్టిన తాడు పట్టుకుని పిల్లలు నడవాలి. నేను లోపల కిటికీలు బిగిస్తున్నాను, ఆయన హెప్సి కోసం రోడ్డు మీదికి వచ్చాడు. హెప్సి కవలల మధ్యలో నిలబడి, ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో ఒకడి కాలరు పట్టుకుని, గాలికంటే గట్టిగా అరుస్తోంది. ఎడమ చెయ్యి! తర్వాత కుడి చెయ్యి! సముద్రం వైపు చూడొద్దు, నా వైపు చూడు! కవలలు చూశారు, నడిచారు, వాళ్ళమ్మ చేతిలో పడ్డారు.

ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా కుర్చీలో కూర్చున్నాడు మా ఆయన.

"అది మన హెప్సేనా?"

"మీ ఇంటిపేరే మరి."

"అంత గొంతు ఉందా దానికి?" టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని, "ఉండిపోదాం రత్నం. అక్కకి నేను చెప్తాలే" అన్నాడు.

పెళ్ళైన పద్నాలుగేళ్ళలో మా ఆయన ఎవరూ రెండోసారి అడగకుండా చెప్పిన మొదటి మాట అది. సంతోషంతో నేను ఆ రోజు పప్పు నాలుగు గంటలు ఉడికించాను. కొంచెం మెత్తబడింది.

ఫిబ్రవరిలో కౌన్సిల్ నుంచి ఎడ్యుకేషన్ ఆఫీసరు వచ్చింది. వచ్చే ఏడాది బడి నడపాలా వద్దా అని తల్లిదండ్రుల్ని అడిగి వెళ్ళడం ఆమె పని. తిరుగు ఫెర్రీ గంటన్నరలో ఉంది, అందుకని ఆమె కోటు విప్పలేదు, అభిప్రాయాలు మాత్రం విప్పమంది. అందరూ పిల్లల కుర్చీల్లో, మోకాళ్ళు గడ్డాలకి తగిలేలా కూర్చున్నారు. నేను ఉద్యోగిని కాబట్టి నోరు విప్పకూడదని ముందే చెప్పారు. ఈ బడి గురించి మాట్లాడకూడని మనిషి ఈ దీవిలో ఒక్కరే, ఈ బడి టీచరు.

మోరాగ్ అందరికీ టీ ఇస్తూ వచ్చింది. "టీ?" అని మా ఆయన్ని అడిగింది.

"నో నో, పర్వాలేదు."

ఆమె ముందుకెళ్ళిపోయింది. అప్పుడే నేను ఫైర్ అలారం మోగించి ఉండాల్సింది.

ఆఫీసరు వరసగా అడిగింది. డంకన్ "ఉంటాం" అన్నాడు. గొర్రెల ఫారం ఆవిడ "అయ్" అంది. ఇక్కడి ఇంగ్లీషులో అది అవును. ఆ తర్వాత ఆఫీసరు మా ఆయన వైపు తిరిగింది.

"మిస్టర్ రాజు, మీ అమ్మాయితోనే నలుగురు అవుతారు. ఆమె ఉంటుందంటే బిల్డింగు, హీటింగు, బోటు, ఇంకో ఏడాదికి మేము అన్నీ ఏర్పాటు చేస్తాం. చెయ్యమంటారా?"

మా ఆయన లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ గాల్లోకి లేచాయి.

"అయ్యో, నో నో! మా కోసం మీకు అంత శ్రమ వద్దండీ."

"థాంక్యూ. చాలా స్పష్టంగా చెప్పారు" అని ఆమె టైప్ చేసుకుంది.

మా ఆయన కూర్చున్నాడు. మొహం మీద చిన్న నవ్వు. ఆ నవ్వు నాకు తెలుసు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, వేళ్ళ మధ్య సందులు ఉంచినవాడి నవ్వు అది.

డంకన్ ఆయన వైపు ఒకసారి చూశాడు. ఏమీ అడగలేదు. అడిగితే అబద్ధం చెప్పావన్నట్టు అవుతుంది. సొంత కూతురి బడి పోతున్నా, ఆ మర్యాద మాత్రం మాకు తప్పకుండా ఇచ్చాడు.

నేను లేచి, "ఆయన ఉద్దేశం అది కాదు" అన్నాను.

"మిసెస్ రాజు, మీరు ఉద్యోగి" అంది ఆఫీసరు, ల్యాప్‌టాప్ మూస్తూ.

పక్క గదిలో కుళాయి ఆగింది. హెప్సి పెయింటు బ్రష్షులు కడుగుతోంది అక్కడ.

ఇంటికెళ్ళాక జరిగినది రాయను. పత్రికలో అచ్చు వేసే మాటలు కావు. ఆయన మాటలు మాత్రం రాస్తాను, ఎందుకంటే ఉన్నవి రెండే. "మళ్ళీ అడుగుతుందనుకున్నానే." తర్వాత, "ముఖం మీద 'ఆ, చెయ్యండి' అని ఎలా అంటామే, ఆడమనిషి అంత దూరం వస్తే?" ప్రార్థనలో మాత్రం ఈ మనిషి దేవుణ్ణి ప్రతిదీ పదిసార్లు అడుగుతాడు. అక్కడ మొహమాటం అడ్డు రాదు.

మర్నాడు ఆయనే కౌన్సిల్‌కి ఫోన్ చేశాడు. మీటింగులో స్పష్టంగా చెప్పారు కదా అన్నారు. జూన్ సెలవులతో బడి మూసేస్తారట. అప్పీలు ఒకటి ఉంది: తండ్రి స్వయంగా కమిటీ ముందుకి వెళ్ళి చెప్పాలి. దానికి మూడు వారాలు గడువిచ్చారు, అది ఈ వచ్చే మంగళవారం, పెద్ద దీవిలో. మీ అమ్మాయి ఇక్కడే చదువుతుందా అని అడుగుతారు. అవునంటే బడి ఉంటుంది. నేను ఉద్యోగిని కాబట్టి ఆ గదిలోకి రాకూడదు.

ఊళ్ళో ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. మా గుమ్మం ముందు చేపలు ఎప్పటిలాగే పెట్టి పోతున్నారు. తిడితే తిరిగి తిట్టేదాన్ని. చేపల్ని ఏం చేయను, పులుసు పెట్టడం తప్ప? వదిన మాత్రం "ప్రభువు ఏం చేసినా మంచికే" అని మెసేజ్ పెట్టి, కింద కర్టెన్లకి మ్యాచింగ్ దుప్పటి ఫోటో జోడించింది.

హెప్సి వారం రోజులు వాళ్ళ నాన్నతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు పొద్దున వచ్చి ఆయన ముందు కుర్చీ వేసుకుని కూర్చుంది. కవలల్ని తాడు పట్టించి నడిపించిన పిల్ల అది, ఓపిక ఎక్కువ.

"డాడీ. డు యూ వాంట్ టీ?"

"వద్దులేమ్మా, నువ్వు..."

"రాంగ్. అగెయిన్. డు యూ వాంట్ ఎ బిస్కెట్?"

"నీకు ఉన్నాయా?"

"రాంగ్!"

అప్పట్నుంచి మా ఇంట్లో ఇదే చదువు. పొద్దున టీ, మధ్యాహ్నం బిస్కెట్, సాయంత్రం కుర్చీ. మా ఆయన నిజంగానే కష్టపడుతున్నాడు. అద్దం ముందు నిలబడి "యెస్, యెస్" అనుకుంటాడు. అద్దంతో బాగానే అంటాడు. మనిషి ఎదురుగా నిలబడి ఆప్యాయంగా ఏదైనా ఇవ్వబోతే చాలు, చేతులు వాటంతటవే లేస్తాయి. ఒకరోజు హెప్సి ఆయన చేతుల్ని జేబుల్లో పెట్టించింది. తల ఊపాడు, అడ్డంగా.

నిన్న ఫైనల్ టెస్టు అని చెప్పి, కుక్కర్ మూత చేతిలో పెట్టి డంకన్ ఇంటికి పంపింది. గాస్కెట్‌తో వస్తే పాసు. మేమిద్దరం కిటికీ దగ్గర నిలబడ్డాం. డంకన్ తలుపు తీశాడు. ఏదో అడిగాడు. మా ఆయన ఏదో అన్నాడు. లోపలికి వెళ్ళాడు, చాలాసేపటికి బయటికొచ్చాడు. ఒక చేతిలో మూత, ఇంకో చేతిలో పెద్ద చేప.

"గాస్కెట్ ఏదండీ?"

"చేప ఇస్తానంటే యెస్ అన్నానే! మొదటిసారే!" మొహం వెలిగిపోతోంది. "ఆ తర్వాత రబ్బరు కూడా కొయ్యనా అన్నాడు. చేప తీసుకున్నాక మళ్ళీ అది కూడా అంటే ఏం బాగుంటుందని..."

హెప్సి చేపని చూసింది, మూతని చూసింది. "హాఫ్ మార్క్" అంది.

తర్వాత ఆయన పక్కన కూర్చుని, ఇన్నాళ్ళూ అడగని ప్రశ్న అడిగింది, మెల్లిగా, తెలుగులో. "డాడీ, నేను ఇక్కడే ఉండనా?"

ఆయన నోరు తెరిచాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీకు ఇబ్బంది లేకపోతే, తల్లీ" అన్నాడు.

మంగళవారం ఫెర్రీ పొద్దున్నే. ఫోర్‌కాస్ట్ బాగుంది, నా ఖర్మకి. ఈ పత్రిక చదివేవాళ్ళలో నలభై దాటిన తెలుగు మగవాడితో మొదటిసారి అడగ్గానే అవుననిపించిన ఆడవాళ్ళు ఎవరైనా ఉంటే, దయచేసి ఎలాగో రాయండి. చేతులు కట్టేయమంటే కట్టేస్తాను. అన్నం పెట్టకుండా పంపమంటే అలాగే పంపుతాను. 'మీ ఇష్టం' అని మాత్రం రాయకండి, ఆ జవాబు మా ఇంట్లోనే ఉంది. తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టకండి, ఆమె ఇంకోసారి అడగకపోతుందా అనీ అనుకోకండి. నేను ఈ ఊరి టీచర్ని. ఒక్కసారే అడుగుతున్నాను.